మద్యవ్యసన చికిత్సలో సేవా నాణ్యత: ఏలూరు - కొల్లేరు ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఆంధ్రదేశంలో మద్యం చరిత్రను ఉద్యమాల చరిత్రగాను, ఆబ్కారీ ఆదాయ చరిత్రగాను పరిశీలించడం పరిపాటి. తాగుడుకు బానిసైన వ్యక్తికి అందిన వైద్యం చరిత్ర మాత్రం వాటి చాటునే ఉండిపోయింది. చికిత్స నాణ్యతను మంచాల సంఖ్యతో కాక, రోగి ఇల్లు చేరిన తర్వాత కొనసాగే సంరక్షణతో కొలవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాలు దీనికి నేపథ్యం.

2. నిషేధం - చికిత్స

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుంచి మొదలైన స్త్రీల సారా వ్యతిరేకోద్యమం 1992 నాటికి రాష్ట్రమంతటా వ్యాపించింది. ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వ హయాంలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించారు. ఈ చర్యల దృష్టి ప్రధానంగా తయారీ, విక్రయం, శిక్షలపైనే నిలిచింది.

మద్యంపై తీవ్రంగా ఆధారపడిన శరీరానికి అది హఠాత్తుగా అందకపోతే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ కలుగవచ్చు. వైద్యం అందకుంటే ప్రాణాపాయమూ ఉంది. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా ఆంక్షలతో మద్యం దుకాణాలు మూతపడిన వేళ, శానిటైజర్ తాగి పదిమందికి పైగా మరణించారు. దుకాణం మూసినంత మాత్రాన వ్యసనం మూతపడదని ఈ విషాదం స్పష్టం చేసింది.

3. నాణ్యతకు కొలమానం

వైద్యసేవల నాణ్యతను నిర్మాణం, ప్రక్రియ, ఫలితం అనే మూడు కోణాల నుంచి చూడాలని అవెడిస్ డొనబీడియన్ 1966లో ప్రతిపాదించాడు. మంచాలు, వైద్యులు, మందులు నిర్మాణం కిందికి వస్తాయి. మొదటి రోజుల్లో వైద్య పర్యవేక్షణ, థయమిన్ అందించడం, కౌన్సెలింగ్, రోగి సమ్మతి ప్రక్రియకు చెందుతాయి. కొన్ని నెలల తర్వాత రోగి ఆరోగ్యం, ఉపాధి, కుటుంబజీవనం ఎలా ఉన్నాయన్నది ఫలితం. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్య నిర్వచనంలో చేర్చింది. కనుక గౌరవప్రదమైన చికిత్స దయాధర్మం కాదు, రోగి హక్కు. అయినా మద్యంపై ఆధారపడినవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్లు 2019లో వెలువడిన జాతీయ సర్వే తేల్చింది.

4. కొల్లేరు భౌగోళికత

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి చేరుతాయి. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రానికి వెళుతుంది. వరదకాలంలో లంకగ్రామాల రాకపోకలు కష్టమవుతాయి. చేపల వేట, చెరువు పనులపై బతికే కూలికి ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూలి పోయిన రోజే. ఏలూరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైంది. తాడేపల్లిగూడెంలో ఏరియా ఆసుపత్రి ఉంది. అయితే 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనతో కైకలూరు ఏలూరు జిల్లాలో చేరగా, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా గల పశ్చిమగోదావరిలో నిలిచింది. పని వెతుక్కుంటూ ఈ సరిహద్దు దాటే రోగి వెంట అతని చికిత్స వివరాలు కూడా దాటాలి. లేకుంటే ప్రతి ఆసుపత్రిలోనూ అతడు కొత్త రోగే. ఇక్కడ మంచం కంటే ముఖ్యమైనది ఇంటి గుమ్మందాకా వచ్చి పలకరించే ఆశా కార్యకర్త, ఎ.ఎన్.ఎం.ల సేవ.

5. ముగింపు

వ్యసనం మళ్ళీ తలెత్తడాన్ని రోగి నైతిక పతనంగా కాక, సంరక్షణ తెగిపోయిన చోటుకు సూచనగా చూడాలి. సారా దుకాణాలను మూయించిన స్త్రీల సంఘటిత శక్తిని పాలనావ్యవస్థ నిషేధానికి వినియోగించుకుంది. చికిత్సానంతర సంరక్షణలో భాగస్వామిగా గుర్తించవలసి ఉంది. భర్త తాగుడు మానాలని పోరాడిన స్త్రీకి, అతడు మానిన తర్వాత ఎవరు తోడున్నారన్నదే సేవా నాణ్యతకు అసలు గీటురాయి.