మూడు రోజులు నానాల్సిన దుంప

కరువులో చేను ఎండిపోతుంది, గాదె ఖాళీ అవుతుంది. అప్పుడు ఆఫ్రికా పల్లెల్లో జనం గునపాలు పట్టుకుని పొదల్లోకి వెళ్లేది ఒక విషపు దుంప కోసం. దాని పేరు డయాస్కోరియా డ్యుమెటోరమ్. పశ్చిమ ఆఫ్రికాలోని యోరుబాలు ఎసురు అంటారు. మన పెండలానికి దగ్గరి చుట్టం. మూడేసి ఆకుల రెమ్మలతో మెలికలు తిరుగుతూ ఎగబాకే ఈ తీగ సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా, దక్షిణాన మొజాంబిక్ దాకా పెరుగుతుంది.

అడవి దుంపను తవ్వి అలాగే వండుకు తింటే మూర్ఛలు వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. వేటగాళ్లు దాన్ని బాణాల విషంలో కలిపేవారు, ముక్కలు కోసి కోతులకు ఎరగా వేసేవారు. దొంగల భయంతో కొందరు రైతులు మంచి పెండలం మధ్య ఈ విషపు రకాన్ని కూడా నాటేవారు. నాకు ఇక్కడే అసలు సంగతి కనిపిస్తుంది. విషానికి భయపడి ఎవరూ ముట్టరు కాబట్టే అది కరువు రోజు దాకా నేలలో మిగిలి ఉంటుంది. ఆ విషమే దానికి కాపలా.

ఆ కాపలాను తప్పించే పని ఓపికతో కూడినది. తొక్క తీయాలి, పల్చగా తరగాలి, పారే నీళ్లలోనో ఉప్పు నీళ్లలోనో మూడు రోజులో అంతకంటే ఎక్కువో నాననివ్వాలి, ఆ తర్వాత ఉడికించాలి. విషం నీళ్లలో కరిగి పోతుంది. చెప్పడానికి ఇంతే. కానీ పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే, తరిగిన ముక్కలు కళ్లెదుటే ఉంటే, మూడు రోజులు ఆగడం ఎంత కష్టమో ఊహించండి. తొందరపడితే ప్రాణానికే ముప్పు.

మన తూర్పు కనుమల్లోనూ దీని చుట్టం ఉంది, డయాస్కోరియా హిస్పిడా. దానివీ మూడేసి ఆకులే, అదీ విషమే. గిరిజనులు దాన్ని కూడా ముక్కలు తరిగి వాగు నీళ్లలో నానబెట్టే తింటారు. హిస్పిడాలోని విషాన్ని 1894లో జావాలో బోర్స్మా అనే పరిశోధకుడు వేరుచేశాడు. ఆయన పేరు పుస్తకాల్లో ఉంది. అంతకు ఎన్నో తరాల ముందే దాన్ని వాగులో వదిలించిన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

పశ్చిమ ఆఫ్రికా రైతులు తరాలుగా ఏరి ఏరి నాటుతూ ఎసురులో విషం లేని రకాలనూ సంపాదించుకున్నారు. వాటిలో చాలావాటికి ఒక్క లోపం మిగిలింది. తవ్విన కొద్ది రోజులకే దుంప గట్టిపడి, ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. 2020లో శాస్త్రజ్ఞులు ఎసురు జన్యుక్రమాన్ని ప్రచురించారు. అందుకు వాళ్లు ఎంచుకున్నది గట్టిపడని రకం, ఇబో స్వీట్ 3.