బుర్రకథ, కొరీదో: కథానాయకుణ్ణి నిర్ణయించేదెవరు?

జంగారెడ్డిగూడేనికి పొరుగునే ఉన్న బుట్టాయగూడెంలో 1858లో తెల్లదొరలు కొరుటూరు సుబ్బారెడ్డిని ఉరితీశారు. పోలవరం మన్యంలో తిరుగుబాటు లేవదీసిన రెడ్డినాయకుడతడు. ఇటువంటి మనిషిని దొరతనం దోపిడీగాడంటుంది, జనం వీరుడంటారు. ఈ రెండో తీర్పు రాసుకునే పుస్తకమే కథాగేయం.

ఇది మనకొక్కరికే చెందిన సంగతి కాదు. 1901లో టెక్సాస్‌లో గ్రెగోరియో కోర్తెస్ అనే మెక్సికన్ కౌలురైతు ఇంటికి షెరీఫ్ వచ్చాడు. మగగుర్రమా, ఆడగుర్రమా అన్న మాటను దుబాసీ తప్పుగా చెప్పాడు. షెరీఫ్ కోర్తెస్ అన్నను కాల్చాడు. కోర్తెస్ షెరీఫ్‌ను కాల్చి చంపాడు. వందలమంది అతన్ని వేటాడారు. మెక్సికన్ జనం అతని మీద ‘కొరీదో’ కట్టారు. కొరీదో అంటే వాళ్ల కథాగేయం. 1910 విప్లవంలో జపాటా, విల్లాల కథలు ఊరూరా తిరిగింది ఈ గేయాల మీదనే.

మన జంగం కథకు కూడా ఇదే చరిత్ర. 1940లలో అభ్యుదయ కళాకారులు దాన్ని బుర్రకథగా మలచారు. నడుమ తంబురా పట్టిన కథకుడు. ఇరుపక్కలా గుమ్మెటలతో వంతలు, ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. పొన్నెకల్లు పింజారీల బిడ్డ షేక్ నాజర్ నోట బెంగాల్ కరువూ అల్లూరి సీతారామరాజూ కథలయ్యాయి. ఆనాడు నాజరును పిలిచింది రైతుసంఘాలూ కూలిజనమూను. అందుకే సర్కారుకు ఆ గుమ్మెట చప్పుడు కంటగింపై, నిషేధించింది. 1954లో ఏర్పడ్డ కేంద్రప్రభుత్వ గేయనాటక విభాగం ఆ తర్వాత ఆ గుమ్మెటతోనే కుటుంబ నియంత్రణ ప్రచారం చేయించింది. కళ మారలేదు, కూలి ఇచ్చే చెయ్యి మారింది.

మెక్సికోలోనూ అంతే. కొరీదో సంతల నుంచి సారాయి అమ్మే నాట్యశాలలకు చేరింది. అక్కడ డబ్బు వెదజల్లేవాడు మాదకద్రవ్యాల వ్యాపారి. కనుక పాటలో వీరుడూ వాడే అయ్యాడు. 2011లో సినలోవా రాష్ట్ర గవర్నరు అటువంటి పాటలను మద్యశాలల్లో నిషేధించాడు. 2013లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞను కొట్టివేసింది. పాటలు ఆగలేదు. ఆగవు కూడా, పొలం గిట్టక, పని దొరకక కుర్రవాళ్లు ఆ వ్యాపారంలో కూలీలవుతున్నంతకాలం ఆ పాటకు శ్రోతలుంటారు.

మన గోదావరి జిల్లాల జాతరల్లో బుర్రకథ పందిట్లోకి రికార్డింగ్ డాన్సు వచ్చింది. దాన్ని చూసి సంస్కృతి చెడిందని వాపోవడం సులువు. ఆ వేదిక మీద నర్తించే ఆడపిల్లలను నిందించడం అంతకన్నా సులువు, అంతకన్నా అన్యాయం. పోలీసులు దీపాలార్పిస్తే సుబ్బారెడ్డి కథ దానంతటది పుట్టుకురాదు. అడగవలసిన ప్రశ్న వేరు: ఆ పందిరికి డబ్బిచ్చిందెవరు? మన సంఘాలు పందిళ్లు వెయ్యడం ఎప్పుడు మానుకున్నాయి?

విద్యార్థులారా, ఉపాధ్యాయులారా, కథకుణ్ణి వెతకడానికి ముందు అతన్ని పిలిచే సభను కట్టండి. కూలిజనం పందిరి వేసిననాడు కథానాయకుణ్ణి కూలిజనమే ఎన్నుకుంటారు.