నెల తప్పితే వేసుకునే బిళ్ల

మా పెద్దమ్మ తన కాన్పుల కథ చెప్తుంటే మధ్యలో ఒక బిళ్ల వస్తుంది. "నెల తప్పింది. మెడికల్ షాపులో చీటీ కూడా అడగలేదు, ఇచ్చేశాడు. మింగాను. ముట్టు రాలేదు. సరే, కడుపే అనుకున్నాం." అది 1981. బిళ్ల పేరు ఆమెకి గుర్తులేదు. అది ఏ బాపతు మందో నాకు ఈమధ్యే అర్థమైంది.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ తరహా హార్మోన్లు రెండూ పెద్ద మోతాదులో కలిపిన మందు అది. చాలా దేశాల్లో దాన్ని గర్భ పరీక్షగా వాడారు. గర్భం లేకపోతే బిళ్లలు ఆపిన కొన్ని రోజులకి నెత్తురు కనిపిస్తుంది. కనిపించకపోతే గర్భం ఉన్నట్టు. అంటే, ఉందని తేలిన ప్రతి గర్భానికీ ఆ మందు అప్పటికే అందినట్టే!

బ్రిటన్‌లో దాని పేరు ప్రైమోడాస్. వెన్నెముక లోపాలతో పుట్టిన పిల్లల తల్లుల్లో ఇలాంటి పరీక్ష మందు వాడినవాళ్ళు ఎక్కువగా కనిపిస్తున్నారని 1967లో ఇసబెల్ గాల్ అనే డాక్టరు నేచర్ పత్రికలో రాసింది. మందు మార్కెట్లోంచి పోయింది మాత్రం 1978లో. లోపాలకి ఈ మందే కారణమనడానికి ఆధారాలు సరిపోవని 2017లో అక్కడి నిపుణుల బృందం తేల్చింది. 1967లోనే ఆపేయాల్సిందని 2020లో ఇంకో సమీక్ష అంది. ఈ రెండు మాటలకీ పొత్తు కుదరదనిపిస్తుంది గానీ, కుదురుతుంది. మొదటిది హాని రుజువైందా అని అడిగింది. రెండోది, మూత్ర పరీక్షతో తేలే సంగతికి గర్భిణిని ప్రమాదంలోకి ఎందుకు నెట్టారని అడిగింది. రుజువు కాలేదనడం వేరు, క్షేమమనడం వేరు.

మన దేశంలో ఈ బిళ్లకి ఇంకో పని కూడా అప్పజెప్పారు. ఇది వేసుకుంటే కడుపు పోతుందని నమ్మినవాళ్ళున్నారు. చాలాసార్లు పోయేది కాదు. ప్రభుత్వం 1982లో నిషేధిస్తే కంపెనీలు కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నాయి. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు పట్టు వదలకుండా పోరాడితే, బహిరంగ విచారణలు జరిగి, 1988లో గానీ నిషేధం రాలేదు.

అలాగని ఈ జంట అసలే పనికిరాదా? తక్కువ మోతాదులో గర్భనిరోధక మాత్ర అయ్యింది ఈ జంటే. ముట్లుడిగిన స్త్రీలకి ఒక్క ఈస్ట్రోజెనే ఇస్తే గర్భసంచి లోపలి పొరకి క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని 1975లో బయటపడింది. దాన్ని ఆపడానికే రెండో హార్మోన్ని జత చేశారు. గర్భసంచికి కాపు దొరికింది. కానీ 2002లో, ఆ జంట మీద అమెరికాలో జరుగుతున్న పెద్ద పరిశోధనని రొమ్ము క్యాన్సర్ ముప్పు కనిపించి మధ్యలోనే ఆపాల్సి వచ్చింది.

కాబట్టి "ఈ రెండూ కలిపి వాడొచ్చా?" అన్న ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎంత మోతాదు, ఏ వయసు, ఏ అవసరం, ఎవరి ఒళ్ళు? ఇవన్నీ అడిగాకే జవాబు.

ఆ కడుపున పుట్టిన అన్నయ్య బాగానే ఉన్నాడు. మొన్న పెద్దమ్మని అడిగాను, అందులో ఏముందో ఆరోజు ఎవరైనా చెప్పారా అని.

"అడగాలని మాత్రం ఎవరికి తెలుసే?" అంది.