ఐత్వమునకు రెండు రూపములు

కొత్తవలసలో 30 ఏండ్లు పిల్లలచే అక్షరములు దిద్దించితిని. ఎత్వమునకు క్రింద వంకర చేర్చిన ఐత్వమగునని చెప్పెడివాడను. ఆ పాఠమే ముదిమిలో నన్ను పరీక్షించెను.

మా తండ్రిగారి వైద్యపుస్తకమును కంప్యూటరున కెక్కించి, ఫైలునకు ‘వైద్యము’ అని పేరిడితిని. యంత్రములు మాఱిన పిమ్మట ఒకే ఫోల్డరునందు అదే పేరుతో రెండు ఫైళ్లు కనబడెను. ఒకదానిలో మందు మోతాదు దిద్దియున్నాను. రెండవదానిలో పాత తప్పే నిలిచియున్నది.

1991లో మొదట వెలువడిన యూనికోడునందే తెనుగునకు చోటు దొరకెను. అందు ఐత్వమునకు ఒక సంఖ్య గలదు; ఎత్వమును, క్రింది వంకరను వేర్వేఱు సంఖ్యలుగా వ్రాసినను అది సమానమే యని ఆ శాస్త్రము చెప్పును. 1998నాటి హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ పద్ధతి పేళ్లను విడదీసి దాచెడిది; లినక్సు సాధారణముగా ఇచ్చినదాని నట్లే యుంచును. కావున కంటికి ఒక్కటియైన పేరు యంత్రమునకు రెండగును.

రెండును శాస్త్రసమ్మతములే. పోల్చుటకు ముందు పేళ్లను ఎన్.ఎఫ్.సి. యను కూడికరూపమునకు దెచ్చుట ప్రోగ్రాము వ్రాయువాని విధి. అది చేయక నకలు తీసిన దోషము నాదే. పాత ప్రతిని జూచి మందు నూరినవారెవ్వరును లేరని ఇల్లిల్లు అడిగి తెలిసికొన్న పిదపనే నాకు నిద్రపట్టెను.