లెవుకా రేవు

లెవుకా దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దేశమునకు చెందిన ఒవలావ్ ద్వీపపు తూర్పు తీరమున గల చిన్న ఓడరేవు, పట్టణము. ఇది ఫిజీకి తొలి రాజధాని. 2013లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. విదేశాల నుండి యాట్‌లలో వచ్చే నావికులు ఫిజీలో మొదట చేరదగిన అధికారిక ప్రవేశ రేవులలో ఇది ఒకటి.

భౌగోళిక స్వరూపం

పట్టణము వెనుక నిటారైన అగ్నిపర్వత కొండలు, ముందు సముద్రము కలవు. తీరమునకు కొంత దూరంలో పగడపు దిబ్బ అడ్డుగోడవలె ఉండి అలల తాకిడిని తగ్గించును. దిబ్బలో గల సందు గుండానే ఓడలు రేవులోనికి రావలెను. రేవు తూర్పునకు తెరచి ఉండుటచే ఆగ్నేయ వ్యాపార పవనాలు బలంగా వీచినప్పుడు లంగరు వేసిన పడవలు బాగా ఊగిసలాడును.

రేవులోనికి ప్రవేశం

నీటి అడుగున ఉన్న పగడము పడవ అడుగును చీల్చగలదు. అందుచేత యాట్‌లు పగటి వెలుగులోనే దిబ్బను దాటుట మంచిది. సూర్యుడు ఎత్తుగా, నావికుని వెనుక ఉన్నప్పుడు నీటి రంగును బట్టి లోతు తెలియును. ముదురు నీలము లోతైన నీటిని, లేత ఆకుపచ్చ ఇసుక మేటను, గోధుమ రంగు పగడమును సూచించును. లెవుకాకు వచ్చే పడవ పడమరకు సాగును కనుక ప్రొద్దెక్కిన తరువాత, మధ్యాహ్నమునకు ముందు ప్రవేశించుట అనుకూలము. ఎదురు ఎండలో నీరు తళతళలాడి దిబ్బ కనబడదు. సేక్రెడ్ హార్ట్ చర్చి గోపురంపై గల దీపము, వెనుక కొండవాలుపై గల మరొక దీపము ఒకే వరుసలో కనబడినచో పడవ సరియైన మార్గంలో ఉన్నట్లు గుర్తు.

లంగరు వేసిన పిమ్మట పసుపు జెండా ఎగురవేసి వేచియుండవలెను. ఆరోగ్య, కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, జీవభద్రత అధికారుల అనుమతి లభించు వరకు ఎవరూ ఒడ్డుకు దిగరాదు.

అంటువ్యాధుల చరిత్ర

ఈ నియమము ఎంత అవసరమో లెవుకా చరిత్రయే తెలుపును. 1874 అక్టోబరు 10న ఫిజీని బ్రిటిష్ వారికి అప్పగించు ఒప్పందంపై ఇక్కడే సంతకాలు జరిగినవి. అనంతరం సిడ్నీ వెళ్ళిన రాజు దకొంబౌ 1875 జనవరిలో డిడో అను బ్రిటిష్ యుద్ధనౌకలో తిరిగి వచ్చెను. ఆయనకు, ఆయన కుమారులకు సిడ్నీలో తట్టు సోకినది. అయినను నౌకను క్వారంటైన్‌లో ఉంచలేదు. రాజును చూడవచ్చిన నాయకులు వ్యాధిని తమ గ్రామాలకు తీసికొనిపోయిరి. అంతవరకు ఆ వ్యాధిని ఎరుగని ద్వీపాలలో సుమారు 40,000 మంది మరణించిరని అంచనా.

నాలుగేళ్ళకు, 1879 మే 14న, కలకత్తా నుండి లియోనిడాస్ అను ఓడ 463 మంది ఒప్పంద కూలీలతో లెవుకా చేరినది. దారిలో కలరా, మశూచి ప్రబలినందున ఈసారి వారిని పట్టణంలో దిగనీయక సమీపంలోని యనుదా లైలై దీవిలో ఉంచిరి. అక్కడ కూడ కొందరు మరణించిరి. తట్టు వలె ఆ వ్యాధులు ద్వీపాలంతటా పాకలేదు.

తెలుగువారితో సంబంధం

లియోనిడాస్‌లో వచ్చినవారు ఉత్తర భారతీయులు. మద్రాసు నుండి ఓడలు 1903లో మొదలైనవి. 1916 వరకు వచ్చిన సుమారు 60,000 మంది భారతీయులలో 15,000 మంది వరకు మద్రాసు మార్గమున వచ్చినవారే. వీరు సువా సమీపంలోని నుకులావ్ దీవి క్వారంటైన్ కేంద్రంలో దిగిరి. వీరిలో ఉత్తర ఆర్కాటు, కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు కలరు. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ప్రాంతాలు 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. ఫిజీ తెలుగువారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించుకొనిరి.

తరువాతి కాలం

కొండల నడుమ విస్తరించుటకు చోటు లేనందున 1882లో రాజధాని సువాకు మారినది. 1964లో ఇక్కడ చేపల శుద్ధి సంస్థ ఏర్పడినది. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఒవలావ్ ద్వీపానికి తీవ్ర నష్టం కలిగించినది. 2023 నుండి లియోనిడాస్ రాకను స్మరించు గిర్మిట్ దినము ఫిజీలో ప్రభుత్వ సెలవుదినముగా జరుపబడుచున్నది.