క్షయ శానిటోరియం: కట్టడం, చరిత్ర

క్షయకు మందు లేని కాలంలో ఆసుపత్రి భవనాన్నే మందుగా కట్టారు. ఇప్పటి పోలెండ్‌లోని గెర్బర్స్‌డోర్ఫ్‌లో 1850లలో హెర్మన్ బ్రెమర్ కొండగాలిని నమ్మి ఈ పద్ధతికి నాంది పలికాడు. 1882లో రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని కనిపెట్టాక ఆ నమ్మకం సడలలేదు సరికదా, రోగిని వేరుగా ఉంచాలన్న కొత్త కారణం తోడై మరింత బిగిసింది. ఫిన్లండ్‌లో 1933లో పూర్తయిన పాయ్మియో శానిటోరియంలో ఆల్వర్ ఆల్టో రోగి కూర్చునే కుర్చీని సైతం చికిత్సలో భాగంగానే రూపొందించాడు. తెలుగునాట ఇదే పని మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో జరిగింది. క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన ఆ శానిటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. అక్కడ మంచుకొండలూ లేవు, దేవదారు వనాలూ లేవు. ఉన్నదల్లా సుమారు 700 మీటర్ల ఎత్తున పొడి మెట్టనేల. ఆల్ప్స్ వాతావరణాన్ని ఎవరూ ఓడలో తేలేరు కదా! తేగలిగింది అమరిక ఒక్కటే: ఎడంగా కట్టిన వార్డులు, వరండాలు, చుట్టూ ఖాళీ జాగా. కాబట్టి శానిటోరియం సారం వాతావరణంలో కాదు, గాలి ఆడే ఆ అమరికలోనే ఉందని చెప్పాలి.

దీనికి గట్టి ఆక్షేపణ మద్రాసు నుంచే వచ్చింది. అక్కడ 1956లో మొదలైన పరిశోధనలో 193 మంది రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఇంట్లో, మరో జట్టుకు శానిటోరియంలో ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు. ఇరుకిళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారూ దాదాపు సమానంగానే కోలుకున్నారు. వాళ్ల ఇంటివారికి అదనంగా జబ్బు సోకనూ లేదు. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది, 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది, ఇంటి చికిత్సే విధానమైంది. అదే బెంగళూరులో హోసూరు రోడ్డులో ఉన్న ఎస్.డి.ఎస్. శానిటోరియం కూడా ఇప్పుడు రాజీవ్ గాంధీ పేరిట ఛాతీ వ్యాధుల సంస్థ.

అయితే మద్రాసు తేల్చింది రోగం నయమయ్యే సంగతి, ఇంటివారి సంగతి. మందు ఇంకా మొదలుకాని రోగులు, జబ్బు బయటపడనివారు ఒకేచోట కూడే వార్డు మాటేమిటి? పెరూలోని లీమాలో ఎనిమిది ఆసుపత్రులను కొలిచి 2007లో ప్రకటించిన ఫలితాలు దీనికి జవాబిస్తాయి. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలున్న యాభై ఏళ్ల పైబడిన గదుల్లో, కిటికీలు తెరిస్తే గంటకు 40 సార్లు గాలి మారింది. కిటికీలున్న కొత్త గదుల్లో 17 సార్లే. చలిదేశాల్లో కిటికీలు మూసేస్తారు గనుక ఇది చెల్లదనవచ్చు, అది న్యాయమే. కానీ ఏడాదిలో అత్యధిక భాగం కిటికీ తెరిచి ఉంచగల బెంగళూరుకు ఆ అడ్డంకి లేదు.