చమురు వెల - జంటశక్తి కారు

చమురు వెల పెరిగిన ప్రతిసారియు మధ్యతరగతి గృహములలో ఒక ప్రశ్న తలయెత్తుచుండును. పెట్రోలుతో మాత్రమే నడచు కారును కొనుట మేలా? లేక మరికొంత సొమ్ము పోసి, పెట్రోలు యంత్రమును విద్యుత్ మోటారును గూడ కలిగిన హైబ్రిడ్ కారును కొనుట మేలా? ఈ ప్రశ్న నేడు పుట్టినట్లు కనబడును గాని, దీని వెనుక నూటయిరువది యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రను ఒకమారు పరికించినచో కొనదలచినవారికి లెక్క తేటపడునని తలచి ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

వియన్నా నగరములో గుఱ్ఱపు బండ్లను తయారు చేయు లోనర్ సంస్థ యుండెను. అచ్చట పనిచేయుచుండిన ఫెర్డినాండ్ పోర్షె అను యువకుడు చక్రములలోనే విద్యుత్ మోటారులను అమర్చి ఒక కారును నిర్మింపగా, అది 1900 నాటి పారిస్ ప్రదర్శనములో అందరి దృష్టిని ఆకర్షించెను. కాని బ్యాటరీ బరువు హెచ్చు. ఒకమారు నింపిన విద్యుత్తుతో పోగల దూరము తక్కువ. ఈ చిక్కును తొలగించుటకై పోర్షె మరియొక బండిని నిర్మించెను. అందులో పెట్రోలు యంత్రములు డైనమోలను త్రిప్పును. ఆ విద్యుత్తు చక్రములను నడపును. దానికాయన పెట్టిన లాటిను పేరునకు 'నిత్యజీవి' అని అర్థము. 1901లో దాని మెరుగుపడిన రూపము వెలువడెను. ఊహ చక్కనిదే, కాని బండి బరువైనది, వెల ప్రియమైనది. కొన్నవారు బహు కొద్దిమంది.

ఆ 1901 జనవరిలోనే అమెరికాలోని టెక్సస్ రాష్ట్రములో స్పిండిల్‌టాప్ అను చోట భూగర్భమునుండి చమురు మిన్నంటునట్లు ఎగజిమ్మెను. అది మొదలు చమురు విరివిగా లభింపసాగెను. 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్తుతో యంత్రమును కదిలించు సాధనము అమరెను. ఇనుప పిడిని చేతితో త్రిప్పు శ్రమ తప్పుటతో, విద్యుత్ కారునకు గల ముఖ్యమైన సౌకర్యము పెట్రోలు కారునకును కలిగెను. ఇట్టి దినములలో, 1916లో, చికాగోలోని వుడ్స్ సంస్థ రెండు శక్తులతో నడచు కారును అమ్మకమునకు పెట్టెను. దాని వెల 2,500 డాలర్లకు మించినది. అదే యేట ఫోర్డు మోడల్-టి కారు 360 డాలర్లకే వచ్చుచుండెను. పెట్రోలు చవుకగా దొరకుచుండగా ఏడింతలు ఎవరు పోయుదురు? ఆ కారు తయారీ రెండు మూడేండ్లలోనే ఆగిపోయెను.

తరువాత అర్ధశతాబ్దికి పైగా ఈ యూహను పట్టించుకొన్నవారు అరుదు. 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము వచ్చెను. అరబ్బు దేశములు చమురు సరఫరాను తగ్గించెను. కొద్ది మాసములలో ముడిచమురు వెల పీపాకు సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్ల చేరువకు పెరిగెను. ఆ కాలమున విక్టర్ వోక్ అను అమెరికను ఇంజనీరు, ప్రభుత్వ పథకము క్రింద, ఒక బ్యూక్ కారును జంటశక్తి కారుగా మార్చి 1974లో పరీక్షకు పెట్టెను. అది మునుపటి కంటె రెట్టింపు మైళ్లు నడచెను. పొగ మిక్కిలి తగ్గెను. అయినను 1976లో ఆ పథకమును ప్రభుత్వము విరమించెను. అదే సంవత్సరము అధ్యక్షుడు ఫోర్డు నిరాకరించినను లెక్కచేయక, అమెరికా కాంగ్రెసు విద్యుత్, హైబ్రిడ్ వాహనముల పరిశోధనకు చట్టము చేసెను. 1986లో చమురు వెల సగమునకు పైగా పడిపోయెను. దానితో ప్రజల ఆసక్తియు చల్లారెను.

తుదకు నిలద్రొక్కుకొన్న హైబ్రిడ్ కారు చమురు చవుకగా నున్న కాలమున పుట్టినది. జపానులో టొయోటా సంస్థ రాబోవు శతాబ్దపు కారును గూర్చి 1993లో ఆలోచన మొదలిడి, 1997 డిసెంబరులో ప్రియస్‌ను విడుదల చేసెను. ఆ దేశపు పరీక్షలో అది లీటరుకు 28 కిలోమీటర్లు నడచెను. మరుసటి యేడాది ముడిచమురు పీపా 10 డాలర్ల చేరువకు దిగినను ఆ సంస్థ తన పని మానలేదు. 2017 నాటికి అది అమ్మిన హైబ్రిడ్ వాహనములు కోటికి మించెను.

కొనువారి తీరు వేరు. 2008 జూలైలో ముడిచమురు పీపా 147 డాలర్లను దాటెను. అమెరికాలో ప్రియస్ కొరకు జనులు పేర్లు వ్రాయించుకొని వేచియుండిరి. డిసెంబరు నాటికి చమురు 40 డాలర్లకు దిగువకు పడెను. ఆ సందడియు అణగెను. ఆ యేటనే హోండా సంస్థ మన దేశమునకు సివిక్ హైబ్రిడ్‌ను దిగుమతి చేసి 21 లక్షల రూపాయలకు మించిన వెలకు అమ్మజూపెను. కొనువారు కరువై, కొద్ది మాసములలోనే సుమారు 8 లక్షలు తగ్గింపవలసి వచ్చెను. ముందుగా కొన్నవారికి కలిగిన నష్టము చెప్పనక్కరలేదు. 2022లో మారుతి, టొయోటా సంస్థల హైబ్రిడ్లు మన దేశములోనే తయారై వచ్చిన తరువాత గాని ఇవి సామాన్య గృహస్థుని ఆలోచనలోనికి రాలేదు.

ఇక లెక్కకు వత్తము. హైబ్రిడ్ కారునకు 3 లక్షలు అదనమనుకొందము. మామూలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, హైబ్రిడ్ 23 కిలోమీటర్లు నడచుననుకొందము. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగువారికి 232 లీటర్లు మిగులును. లీటరు 100 రూపాయలైనచో ఆదా 23,200 రూపాయలు. అదనపు సొమ్ము తిరిగి వచ్చుటకు దాదాపు 13 ఏండ్లు పట్టును. పెట్రోలు 120 రూపాయలైనను 11 ఏండ్లు పట్టును. కాని ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరుగువారికి 100 రూపాయల ధరకే నాలుగేండ్లకు కొంచెము పైగా సరిపోవును. చమురు వెల అయిదవ వంతు పెరిగినందున కలుగు మార్పు కంటె, తిరుగు దూరము వలన కలుగు మార్పు ఎంత పెద్దదో గమనింపుడు.

తిరుగు చోటును గూడ చూడవలెను. బ్రేకు వేసినపుడు మోటారు డైనమోగా మారి, వృథాగా పోవలసిన శక్తిని బ్యాటరీలో దాచును. బండి నిలిచినపుడు యంత్రము ఆగియుండును. కావున హైదరాబాదు కూడళ్లలో నిమిషమునకొకమారు ఆగి కదలువారికి లాభము మెండు. ఊరు దాటి, ఆటంకము లేని రహదారిపై ఒకే వేగమున పోవువారికి ఆ లాభము చాల తగ్గును.

కావున కొనదలచినవారు ముందుగా గత సంవత్సరము తమ కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగెనో, అందులో పట్టణములో తిరిగినదెంతో కాగితముపై వ్రాసికొనవలెను. బ్యాటరీకి ఎన్నియేండ్ల పూచీ యిత్తురో, అటుపిమ్మట మార్చుటకు ఎంత యగునో అంగడివారిని అడుగవలెను. కారును ఎన్నియేండ్లు ఉంచుకొందురో నిశ్చయించుకొనవలెను. పట్టణములో హెచ్చుగా తిరుగుచు, కారును చిరకాలము ఉంచుకొనువారికి హైబ్రిడ్ తగినదే. ఆదివారము గుడికి, పండుగకు అత్తవారింటికి మాత్రము కారు తీయువారు ఆ 3 లక్షలను బ్యాంకులో ఉంచుకొనుట మంచిది. పత్రికలో చమురు వార్త చదివిన నాటి తొందరలో మాత్రము ఎవరును బయానా ఈయరాదు. 2008లో పెరిగిన వెల తిరిగి దిగినది. కారునకు పోసిన సొమ్ము తిరిగి రాదు.